అక్షింతలు వేయడానికి చెయ్యి ఎత్తితే

మా పెళ్లి ఆల్బమ్‌లో రిసెప్షన్ ఫొటోల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి తనంతట తానే రెండు పేజీలు కలిపి తిప్పేస్తుంది. పట్టుచీరలో మా ఆవిడ నిండుగా నవ్వుతూ ఉంటుంది. పక్కన నేను, ముదురు నీలం సూటులో. కోటు భుజం నా భుజాన్ని దాటి ఇంకో అంగుళం బయటికి పోయి అక్కడ వాలిపోయింది. ఛాతీ దగ్గర బయలుదేరిన గుడ్డ నడుమును ఎక్కడా తాకకుండా తొడల దాకా దిగింది. చేతులు మాత్రం జబ్బల దగ్గర బిగుసుకుని, అడ్డంగా నాలుగు మడతలు. ఒక ఫొటోలో మా మేనత్తకు నమస్కారం పెట్టడానికి చేతులు ఎత్తాను. కోటు మొత్తం పైకి లేచి కాలరు చెవుల దాకా వచ్చింది.

ఆ బట్ట మామయ్య పెట్టింది. కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, అల్లుడికి మంచిది కావాలని మూడు మీటర్ల ఊలు బట్ట ఎంచి, పెట్టెలో పెట్టి ఇచ్చారు. అంత ప్రేమగా ఇచ్చిన బట్ట అలా తయారైందని నాకు ఇప్పటికీ బాధే. కుట్టిన ఆయనను తప్పు పట్టి లాభం లేదు. ఆయన టేపు చుట్టి ఛాతీ 46 అని రాసుకున్నాడు, 46 ఛాతీ ఉన్న మనిషికి మామూలుగా ఎలా కోస్తారో అలాగే కోశాడు. నా ఒళ్లు ఆ లెక్కలోకి రాదని ఆయనకు చెప్పగల జ్ఞానం నాకూ అప్పుడు లేదు.

మొన్న మాఘమాసంలో మా బావమరిది పెళ్లి అయింది. ఆరు నెలల ముందే ముహూర్తం ఖాయమైంది. ఈసారి ఒంటికి పట్టిన సూటు వేసుకునే వెళ్లాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. జిమ్ములో నాతోపాటు బరువులెత్తే తమ్ముళ్లు చాలామంది ఇదే బాధ పడుతున్నారు. వాళ్ల పెళ్లి ఫొటోలైనా బాగుండాలి.

ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు నేను ఆరో తరగతి. పేపర్లో వచ్చిన ఆమె ఫొటో కత్తిరించి పుస్తకంలో దాచుకున్నాను. ఇంటర్‌లో ఉండగా మొదటిసారి బార్ పట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. ఉద్యోగం బ్యాంకులో, హనుమకొండ నక్కలగుట్ట వైపు. పొద్దున సుబేదారిలో జిమ్ము, పదింటికి కౌంటరు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 86 కిలోలు. మెడ 17 అంగుళాలు, ఛాతీ 46, నడుము 34, జబ్బ 16, తొడ 26. ఇది ఇరవై ఏళ్లు రోజూ పొద్దున్నే లేచి సంపాదించుకున్న ఒళ్లు. దాన్ని దాచుకోవాలని నాకు లేదు, బిగుతు బట్టల్లో ప్రదర్శించాలనీ లేదు. పద్ధతిగా కనిపిస్తే చాలు.

ఆ కొలతల్లో అసలు చిక్కు 46కీ 34కీ మధ్య ఉంది. రెడీమేడ్ సూట్లు కుట్టేవాళ్లు ఛాతీకీ నడుముకీ దాదాపు ఆరు అంగుళాల తేడా ఉంటుందని లెక్క వేసుకుని కుడతారు. 40 కోటుతో 34 ప్యాంటు వస్తుంది. 46 కోటు తీసుకుంటే దాంతో వచ్చే ప్యాంటు 40. నా తేడా పన్నెండు. అంటే వాళ్లు అనుకున్న దానికి రెట్టింపు. నంబరు పెరిగినకొద్దీ రెడీమేడ్ బట్ట అన్ని వైపులా పెరుగుతుంది, పొట్టతో సహా. వెయిట్‌లిఫ్టింగ్ చేసేవాడి ఒళ్లు అలా పెరగదు. భుజాలు, వీపు, తొడలు పెరుగుతాయి, నడుము ఉన్నచోటే ఉంటుంది. మన కోసం దుకాణంలో చూపించేది లావుపాటి మనిషి బట్ట. మనకు కావలసింది వేరే ఆకారం.

చొక్కాల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. చాలా ఫార్మల్ చొక్కాల మీద కనిపించే 39, 40, 42, 44 అనే అంకెలను ఛాతీ అంగుళాలు అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి అవి కాలరు చుట్టుకొలత, సెంటీమీటర్లలో. నా మెడ 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. పై గుండీ పెట్టుకుని టై కట్టాలంటే 44 తీసుకోవాల్సిందే. ఒకరోజు ఇంట్లో ఆ 44 చొక్కాను నేల మీద పరిచి నడుము దగ్గర టేపు పెట్టి కొలిచాను. చుట్టూ 47 అంగుళాలు వచ్చింది. నా నడుము 34. కూర్చోవడానికి, ఊపిరి తీసుకోవడానికి నాలుగైదు అంగుళాల వదులు తప్పదు. అది పోగా ఇంకో ఎనిమిది అంగుళాల గుడ్డను రోజూ ప్యాంటులోకి కుక్కుకుని బ్యాంకుకు వెళ్తున్నానన్నమాట. మధ్యాహ్నం భోజనం వేళకు అది సగం బయటికి వచ్చేది. దుకాణంలో కుర్రాడు మాత్రం ప్రతిసారీ అదే మాట: "దోపుకుంటే తెలియదు సార్." తెలుస్తుంది. వెనక నుంచి చూసేవాళ్లకు బాగా తెలుస్తుంది.

పెద్ద నంబరు కొని పక్కలు లోపలికి కుట్టించడం అందరూ చెప్పే ఉపాయం. నేను కనీసం పాతిక చొక్కాలు అలా కుట్టించి ఉంటాను. పక్కలు లాగితే నడుము సన్నబడుతుంది, నిజమే. కానీ భుజం కుట్టు జబ్బ మీదికి దిగి ఉన్నది అక్కడే ఉంటుంది. చంక కిందికి జారి ఉన్నది జారినట్టే ఉంటుంది. నడుము బిగించి చంకను వదిలేస్తే ఇంకా కష్టం, చెయ్యి లేపినప్పుడల్లా చొక్కా మొత్తం వెంట వస్తుంది. రెడీమేడ్‌లో కొనక తప్పకపోతే నేను చూసేది ఒక్కటే: భుజం కుట్టు నా భుజం ఎముక చివర ఆగుతుందా లేదా. ఆగితే మిగతావన్నీ సరిచేయించుకోవచ్చు. ఆగకపోతే ఎంత తగ్గింపు ధర ఉన్నా వెనక్కి తగిలించి వచ్చేస్తాను. కోటుకైతే ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. నడుము తగ్గించడం, చేతుల పొడవు సరిచేయడం ఏ దర్జీకైనా గంటా రెండు గంటల పని. భుజం మార్చడమంటే చేతులు ఊడదీసి మళ్లీ ఎక్కించడం, సగం కోటు కొత్తగా కుట్టడంతో సమానం.

సాగే బట్ట గురించి కూడా ఒక మాట. రెండు మూడు శాతం లైక్రా కలిసిన చొక్కాలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. నేను ఆరు కొన్నాను. వీపు దగ్గర హాయిగానే ఉంటాయి. కానీ సాగడం వేరు, సరిపోవడం వేరు. సాగినచోట బట్ట పల్చబడి ఒంటిని అంటుకుంటుంది, గుండీల మధ్య సందు తెరుచుకుంటుంది. పైగా మనవాళ్లు ఇస్త్రీ పెట్టె బాగా వేడెక్కిస్తేగానీ ఒప్పుకోరు. ఆ వేడికి లైక్రా బలం పోయి ఏడాదిలో మోచేతుల దగ్గర సంచుల్లా వేలాడాయి. కోత బాగున్న బట్టకు కొంచెం సాగే గుణం తోడైతే మంచిదే. కోత లోపాన్ని మాత్రం అది పూడ్చలేదు.

మంచి దర్జీ దొరకడం బ్యాంకు కౌంటరు దగ్గర జరిగింది. నవంబరులో పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రాలు ఇవ్వడానికి బారులు తీరుతారు. ఆ వరుసలో ఒక పెద్దాయన బూడిద రంగు కోటులో వచ్చారు. పాత కోటు, మోచేతుల దగ్గర నూలు అరిగింది. సంతకం పెట్టడానికి నా వైపున్న పెన్ను అందుకోవాలని కౌంటరు మీదుగా చెయ్యి పూర్తిగా చాపారు. ఆయన కోటు కాలరు మెడను వదల్లేదు. ముందు గుండీ దగ్గర ఒక్క మడత పడలేదు. చెయ్యి మాత్రమే కదిలింది, కోటు కదల్లేదు. నేను ఆ పత్రం తీసుకోవడం మరచిపోయి ఎక్కడ కుట్టించారని అడిగాను. వరంగల్ మండిబజార్‌లో ఒక సందు పేరు చెప్పి, "ఆయన ఇంకా కుడుతూనే ఉన్నాడు, తొందరగా వెళ్లు" అన్నారు.

ఆ ఆదివారమే పోచమ్మమైదాన్ మీదుగా వెళ్లాను. సందులో బోర్డు కూడా లేని గది. ఒక పొడవాటి బల్ల, గోడకు గోధుమరంగు కాగితం నమూనాలు దారంతో కట్టి వేలాడుతున్నాయి, ఒక్కోదాని మీద ఉర్దూలో ఏవో అక్షరాలు. అందరూ చాచా అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. వయసు డెబ్భై దాటింది. వాళ్ల నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేశారట. 1934లో నిజాం కాలంలో వెలిసిన ఆ మిల్లు ఒకప్పుడు ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది. కొడుకు మగ్గం వైపు పోకుండా కత్తెర పట్టాలని తండ్రి హైదరాబాద్ పంపితే, చాచా అక్కడ ఏడేళ్లు షేర్వానీలు కుట్టే చోట పని నేర్చుకున్నారు. నా పెళ్లి సూటు ఎందుకు చెడిందో నాకు అర్థమైంది ఆ షేర్వానీ సంగతి విన్నాకే. షేర్వానీ మెడ నుంచి నడుము దాకా ఒంటిని పట్టుకుని ఉండాలి, అయినా మనిషి సలాం చేయడానికి చెయ్యి ఎత్తితే అది లేవకూడదు. ఆ విద్య తెలిసిన చెయ్యి కోసిన కోటు వేరుగా ఉంటుంది.

చాచా పది నిమిషాల దాకా టేపు ముట్టుకోలేదు. నన్ను ఆ చివర నుంచి ఈ చివరకు నడవమన్నారు. స్టూలు మీద కూర్చుని లేవమన్నారు. అరమీద ఉన్న దారపు బుడ్డి తీసి ఇవ్వమన్నారు. నేను అద్దం ముందు నిలబడి తెలియకుండానే ఛాతీ విరిచాను కాబోలు, వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసి, "బేటా, ఊపిరి బిగబట్టకు. ఇంట్లో ఎలా నిలబడతావో అలా నిలబడు. కోటు రోజంతా ఆ మనిషి మీదే ఉంటుంది" అన్నారు.

నా ఛాతీ 46 అని నేనే ముందుగా చెప్పాను. ఆయన టేపు మెడలోంచి తీస్తూ, "46 సరే. అందులో ముందు ఎంత, వెనక ఎంత?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆయన కొలిచి చూపించారు. ఒక చంక మడత నుంచి ఇంకో చంక మడతకు ముందువైపు 17 అంగుళాలు, వీపు వైపు 19న్నర. బరువులు లాగేవాళ్లకు కండ వీపులో, చంకల వెనక ఎక్కువ చేరుతుంది. 46 అని ఒక్క అంకె రాసుకుని ముందుకూ వెనక్కూ మామూలు లెక్కన పంచితే ముందు గుడ్డ ఎక్కువై మడతలు పడుతుంది, వెనక తక్కువై లాగుతుంది. తర్వాత మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా వెనక పొడవు, అదే ఎముక నుంచి మెడ పక్కగా ముందుకు తెచ్చి ఛాతీ మీదుగా నడుము దాకా ముందు పొడవు. ఛాతీ ఎత్తుగా ఉన్నవాడికి ముందు పొడవు పెరుగుతుంది. అది పెంచకపోతే కోటు ముందు అంచు పైకి లేచి, వెనక అంచు కిందికి వేలాడుతుంది. నా పెళ్లి ఫొటోలన్నిటిలో అది ఉంది. అది పొరపాటని నాకు తెలియదు, నేను వంకరగా నిలబడ్డాననుకున్నాను.

ఇంకో కొలత భుజాల వాలు. మెడకూ భుజానికీ మధ్య కండ పెరిగినవాళ్ల భుజాలు చూడ్డానికి వాలినట్టు ఉంటాయి. తిన్నని భుజాలకు కోసిన కోటు వీళ్లకు వేస్తే భుజం చివర గుడ్డ మిగిలి, మెడ నుంచి చంక వైపు ఏటవాలుగా మడతలు పడతాయి. చాలామంది ఆ వాలును కప్పడానికి భుజంలో దట్టమైన ప్యాడ్ పెడతారు. చాచా నాకు ప్యాడ్ దాదాపు పెట్టనన్నారు. "అల్లా ఇచ్చిన భుజం ఉంది కదా, దాని మీద దూది ఎందుకు?"

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చంక. లావు జబ్బలున్నవాడికి చంక పెద్దగా, లోతుగా కోయాలని నేను అనుకునేవాణ్ణి. నా పెళ్లి కోటు కుట్టినాయనా అలాగే అనుకున్నాడు. చాచా ఒక పాత కోటు తెచ్చి చూపించారు. చంక లోతుగా దిగితే చెయ్యి కోటు పక్కకు కుట్టేసినట్టు అవుతుంది. చెయ్యి లేపితే ఆ పక్క మొత్తం లేస్తుంది, దాంతో భుజం, కాలరు, ముందు గుండీ అన్నీ లేస్తాయి. చంక నిజమైన చంకకు దగ్గరగా, ఒక వేలు దూరే సందుతో ఉంటే చెయ్యి తన పని తాను చేసుకుంటుంది. వెడల్పు కావలసింది జబ్బ దగ్గర, చంక దగ్గర కాదు. చేతి గుడ్డ జబ్బ దగ్గర వెడల్పుగా కోసి, దాన్ని చిన్న చంకలో ముడతలు కనబడకుండా కూర్చి ఎక్కించాలి. అది కష్టమైన పని, ఆవిరి ఇస్త్రీతో కొంచెం కొంచెంగా గుడ్డను కుదించుకుంటూ రావాలి. పని తెలిసినవాడి చెయ్యి అక్కడే పట్టుబడుతుంది. మీరు దర్జీని పరీక్షించాలనుకుంటే ఆయన కుట్టిన కోటు ఏదైనా అడిగి, భుజం దగ్గర చెయ్యి అతికిన కుట్టును వేలితో తడిమి చూడండి.

బట్ట నేనే కొని తెచ్చాను, ఆయన చెప్పిన కొలతకు. మామూలుగా సూటుకు 58 అంగుళాల పన్నా బట్ట మూడు, మూడుంపావు మీటర్లు పెడతారు. నాకు మూడున్నర కావాలన్నారు, లోపల మడతల్లో గుడ్డ వదిలితే ఒళ్లు అటూ ఇటూ అయినా సరిచేయవచ్చని. దుకాణంలో నాకు సూపర్ 150 బట్ట చూపించి, ముట్టుకుంటే వెన్నలా ఉందని చెప్పారు. ఆ సూపర్ అంకె ఊలు పోగు ఎంత సన్నమో చెబుతుంది. అంకె పెరిగినకొద్దీ పోగు సన్నబడుతుంది, బట్ట మెత్తబడుతుంది, ఓర్పు తగ్గుతుంది. నడుస్తుంటే తొడలు రాసుకునే మనలాంటివాళ్లకు అది రెండేళ్లు కూడా నిలవదు. సూపర్ 100 తీసుకున్నాను, మీటరుకు 250 గ్రాముల బరువు, బొగ్గు రంగు, మెరుపు లేనిది. పెళ్లి సూటు అనగానే మెరిసే బట్ట చూపిస్తారు. ప్రతి ఎత్తునూ, ప్రతి చిన్న లాగుడునూ ఆ మెరుపు రెండింతలు చేసి చూపిస్తుంది. కండలున్నవాళ్లు దాని జోలికి పోవద్దని నా గట్టి సలహా.

ట్రయల్ మూడుసార్లు జరిగింది. మొదటిసారి కోటుకు చేతులు లేవు, కాలరు లేదు, తెల్లదారంతో వేసిన కచ్చా కుట్లే ఉన్నాయి. చాచా నోట్లో గుండుసూదులు పట్టుకుని నా చుట్టూ తిరిగారు. మెడ వెనక చిటికెడు గుడ్డ పైకి పట్టి సూది గుచ్చారు, వీపు మీది మడత అప్పుడే మాయమైంది. ఎడమ భుజం కుడిదానికంటే పావు అంగుళం కిందికి ఉందని సుద్దబిళ్లతో గీత గీశారు. ఇరవై ఏళ్లుగా ఆ ఒంటిని అద్దంలో చూసుకుంటున్న నాకు ఆ సంగతి తెలియదు. లోపల ఛాతీ భాగానికి జిగురుతో అంటించే గుడ్డకు బదులు కాన్వాస్ పెట్టి చేత్తో కుట్టారు. ఛాతీ గుండ్రానికి అది వంగి నిలుస్తుంది. అంటించిన గుడ్డ అయితే డ్రైక్లీనింగ్‌కు వేసిన కొన్నాళ్లకు బుడగలు లేవవచ్చు. కోటు వెనక ఒక చీలికకు బదులు రెండు పక్కలా రెండు పెట్టారు. వెనక కండ ఎక్కువున్నవాళ్లు జేబులో చెయ్యి పెట్టినా, కూర్చున్నా, ఒక చీలిక నోరు తెరుచుకుంటుంది, రెండైతే గుడ్డ పరదాలా దిగుతుంది.

ప్యాంటు గురించి ఎక్కువ చెప్పను. తొడకూ పిరుదులకూ సరిపోయేలా కోసి నడుము తగ్గించాలి. రెడీమేడ్‌లో అయితే నడుము రెండు అంగుళాల కంటే ఎక్కువ తగ్గిస్తే వెనక జేబులు ఒకదానికొకటి తగులుతాయి. ముందు ఒక్కో ప్లీటు పెట్టించుకోండి, పాతకాలం పద్ధతి అని వదిలేయకండి. కూర్చున్నప్పుడు ఆ మడత విచ్చుకుని తొడకు చోటిస్తుంది, నిలబడితే మూసుకుంటుంది. తొడల మధ్య లోపలివైపు ఇంకో పొర గుడ్డ వేయించుకుంటే ప్యాంటు ఆయుష్షు రెట్టింపవుతుంది.

చొక్కాలు కూడా అక్కడే నాలుగు కుట్టించాను, కుట్టుకూలి ఒక్కోదానికి 450. కాటన్ బట్టను కోయకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయమన్నారు. ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది, లేకపోతే మూడు ఉతుకులకు కాలరు బిగుసుకుంటుంది. వెనక రెండు నిలువు డార్టులు, అంటే గుడ్డను లోపలికి మడిచి కుట్టే సన్నటి కుట్లు, వేశారు, వీపు నుంచి నడుముకు గుడ్డ ఏటవాలుగా దిగుతుంది. ముంజేతులు లావుగా ఉన్నాయని కఫ్ పైన చీలిక కొంచెం పొడవు పెంచి మధ్యలో చిన్న గుండీ పెట్టారు. పై నుంచి మూడో గుండీ సరిగ్గా ఛాతీ ఎత్తు మీద పడేలా గుండీల దూరం మార్చారు. ఛాతీ అన్నిటికంటే ముందుకు వచ్చేచోట గుండీ ఉంటే అక్కడ సందు తెరుచుకోదు. ఎంత చిన్న విషయం! ఇన్నేళ్లు ఆ సందు కనిపించకూడదని లోపల బనియను రంగు చూసి వేసుకునేవాణ్ణి. ఆ చొక్కా వేసుకుని మొదటిరోజు బ్యాంకుకు వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చేదాకా అది ప్యాంటులోంచి బయటికి రాలేదు. మా ఆవిడ తలుపు తీసి ఒక్క క్షణం చూసి, "మీరు సన్నబడ్డారా?" అని అడిగింది. బరువు ఒక కిలో పెరిగి ఉన్నాను ఆ వారం.

ఒక జాగ్రత్త. కొలతలిచ్చే రోజుకూ పెళ్లి రోజుకూ మధ్య ఒంటిని మార్చకండి. పెళ్లి ఉంది కదా అని జిమ్ములో వ్యాయామం పెంచేవాళ్లను, తిండి మానేసేవాళ్లను చూస్తున్నాను. ఛాతీ అంగుళం పెరిగినా, నడుము రెండు అంగుళాలు తగ్గినా కుట్టినాయన కష్టం వృథా. ట్రయల్‌కు వ్యాయామం చేసిన వెంటనే వెళ్లవద్దు, కండలు ఉబ్బి కొలత తప్పుతుంది. నేను ఒకసారి అలా వెళ్తే చాచా టీ తెప్పించి గంటసేపు కూర్చోబెట్టారు. ఇంకొకటి, రంజాన్ నెల సగం దాటాక ఆయన కొత్త కోటు పని పట్టరు. పండుగ బట్టల పనే సరిపోతుంది. మీ ముహూర్తం ఆ దరిదాపుల్లో ఉంటే ముందే వెళ్లండి. సూటుకు కూలి 6,500 తీసుకున్నారు. మూడు ట్రయల్స్, ఐదు వారాల పని, నాకైతే అది తక్కువనిపించింది.

పెళ్లి కరీంనగర్‌లోనే, మామయ్య వాళ్ల ఊళ్లో. జీలకర్రబెల్లం పెట్టే సమయానికి మండపం ముందు జనం ఒక్కసారిగా లేచారు. నేను మూడో వరుసలో ఉన్నాను. ముందు నిలబడ్డవాళ్ల తలల మీదుగా పడాలని చెయ్యి పూర్తిగా పైకెత్తి అక్షింతలు విసిరాను. మెడ దగ్గర కాలరు అలాగే ఉంది. గుండీ దగ్గర పొట్ట మీద గుడ్డ కదల్లేదు. ఆ క్షణంలో అక్షింతలతోపాటు కోటు గురించి ఆలోచించినందుకు బావమరిది క్షమించాలి, కానీ నాకు చాలా సంతోషం వేసింది. భోజనాల దగ్గర మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి, కుట్టును వేలితో అలా తడిమి, ఎవరు కుట్టారని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మేము పెట్టిన నీలం బట్ట ఇంకా ఉందా?" అన్నారు.

ఉంది. బీరువాలో నాఫ్తలిన్ ఉండల మధ్య ఉంది.

పోయిన ఆదివారం దాన్ని మండిబజార్ తీసుకెళ్లాను. చాచా కోటును తిరగేసి అస్తరు ఒక పక్క విప్పారు. కళ్లద్దాలు పైకి జరిపి, లోపలి మడతలను బొటనవేలితో కొలుచుకుంటూ పోయారు. ప్యాంటు పక్కన పెట్టేశారు, తొడల దగ్గర వదలడానికి గుడ్డ లేదన్నారు. కోటు మాత్రం బల్ల మీదే ఉంచుకున్నారు. ప్యాడ్లు తీసేసి, భుజం చివర ముప్పావు అంగుళం పైకి పట్టి కుడితే నా భుజం వాలుకు సరిపోతుందట, దాంతోపాటు లోతుగా దిగిన చంక కూడా ఆ మేరకు పైకి వస్తుందట. పొడవు ఎలాగూ ఎక్కువే ఉంది. మిగిలింది జబ్బల దగ్గరి బిగువు. చేతి వెనక కుట్టును బ్లేడుతో రెండు అంగుళాలు విప్పి లోపలి మడతను వేళ్లతో తెరిచారు. ఇన్నేళ్లూ వెలుతురు తగలని ఆ ముప్పావు అంగుళం గుడ్డ మిగతా కోటుకంటే ముదురు నీలంగా, కొత్తగా ఉంది.

"చాలు" అన్నారు చాచా. వచ్చే మంగళవారం ట్రయల్.